పిక్క టెండన్ ఎంత సాగుతుందో ఫోన్ వీడియోతో తెలుస్తుందా?

గచ్చిబౌలి ట్రాక్ మీద పరిగెడుతూ స్లో మోషన్ వీడియో తీశానని, అందులో చీలమండ కోణం చూసి మడమ పైన టెండన్ (పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే గట్టి తాడు లాంటిది) ఎంత సాగిందో లెక్కకట్టొచ్చా అని అడిగారు. కుదరదండీ. కోణాన్ని బట్టి తెలిసేది పిక్క కండరం, టెండన్ రెండూ కలిపి ఎంత సాగాయన్నదే. ఎవరి వాటా ఎంతో తెలియదు. నడకలో పాదం నేల మీద ఉన్న చాలాసేపు కండరం పోగులు దాదాపు అదే పొడవులో బిగిసి ఉంటాయి, సాగేది ఎక్కువగా టెండనే. 2001లో ఫుకునాగా అనే పరిశోధకుడి బృందం అల్ట్రాసౌండ్‌తో చూపించింది ఇదే.

ఫిజియోథెరపీ పీజీ చేసేటప్పుడు హైదరాబాద్‌లోనే ఒక ల్యాబ్‌లో ఈ కొలతలకు సాయం చేశాను. పిక్క లోపలి వైపు, కండరం అయిపోయి టెండన్ మొదలయ్యే చోట అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెట్టి క్రేప్ బ్యాండేజీతో బిగించి కడతాం. స్క్రీన్ మీద నల్లటి కండరం సన్నబడుతూ వచ్చి తెల్లటి గీతల్లో కలిసే మొన ఒకటి కనిపిస్తుంది. ప్రోబ్‌కీ, మడమ ఎముక మీదా మార్కర్లు అంటించి కెమెరాలతో రికార్డు చేస్తాం. ఆ మొన నుంచి మడమ దాకా ఉన్న దూరమే టెండన్ పొడవు. చెప్పినంత తేలిక కాదు. ట్రెడ్‌మిల్ మీద చెమట పట్టి ప్రోబ్ కాస్త పక్కకు తిరిగిందా, మొన మాయం! మళ్లీ కట్టు విప్పడం, జెల్ తుడవడం, మొదట్నుంచి మొదలుపెట్టడం. మే నెలలో ఇక చెప్పక్కర్లేదు.

కూర్చోబెట్టి, పాదాన్ని ప్లేటుకు కట్టి, బలంగా నొక్కమని కొలిచే పద్ధతీ ఉంది. అందులో మడమే పెద్ద తలనొప్పి. ఎంత బిగించినా ప్లేటు మీంచి కొద్దిగా లేస్తుంది. చీలమండ 5 డిగ్రీలు కదిలితే చాలు, టెండన్ సాగకపోయినా మొన 4 మిల్లీమీటర్ల దాకా జరుగుతుంది. అసలు సాగుడే ఒక సెంటీమీటరు అటూ ఇటూ కాబట్టి దాన్ని తీసేయకపోతే ఆ అంకెను నమ్మలేం. ఎవరైనా సాగుడును శాతాల్లో చెబితే, ఏ పొడవును సున్నాగా, అంటే సాగకముందు పొడవుగా తీసుకున్నారో కూడా అడగండి.

2018లో వచ్చిన టెన్సియోమీటర్ గురించి కూడా అడిగారు. చర్మం మీద చిన్నగా తడుతూ, ఆ అల టెండన్ వెంట ఎంత వేగంగా వెళ్తుందో చూస్తుంది. బాగానే పనిచేస్తుంది గానీ, చెప్పేది టెండన్ మీద పడే లోడ్ సంగతి, సాగుడు కాదు.

మీ గొడవంతా మడమ పైన నొప్పి గురించే అయితే ఇవేవీ అక్కర్లేదు. ఒంటికాలి మీద మడమ ఎత్తి దించడం ఏ కాలితో ఎన్నిసార్లు చేయగలుగుతున్నారో చూసుకుని, ఆ అంకెలతో ఫిజియో దగ్గరికి వెళ్లండి.