బిడ్డ ఎదురుకాళ్లతో ఉందన్నారా

దేవరకొండ

బిడ్డా,

నిన్న ఫోన్‌లో మాట్లాడుతూనే ఏడ్చేశావు. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. స్కానింగ్‌లో బిడ్డ ఎదురుకాళ్లతో ఉందన్నారని మీ అత్తమ్మ దిష్టి తీయించిందట. తీయించనీ, తప్పేం లేదు. ఈ చుట్టుపక్కల తండాల్లో ముప్పై ఏళ్లు నర్సమ్మగా తిరిగిన నా మాట కూడా విను.

నీకిప్పుడు 32 వారాలే. ఏడో నెలలో, అంటే 28 వారాలప్పుడు, నలుగురైదుగురు బిడ్డల్లో ఒకరు తల పైకి పెట్టుకునే ఉంటారు. నెలలు నిండేసరికి అలా మిగిలేది నూటికి ముగ్గురు నలుగురే. ఇప్పటి నుంచే టెన్షన్ పడకు.

బిడ్డ ఒంట్లో పెద్దది, గట్టిది తలే. గడ్డం ఛాతీకి ఆనించుకుని, ముఖం నీ వెన్ను వైపు తిప్పుకుని దిగితే ఆ తల కొలత సుమారు 9.5 సెంటీమీటర్లు. తల వచ్చిందంటే మిగతా ఒళ్లు జారిపోతుంది. ముఖం నీ పొట్ట వైపు ఉంటే కొలత పెరిగి, నొప్పులు నడుముకు పట్టి, కాన్పు ఆలస్యమవుతుంది. వాళ్లలోనూ చాలామంది నొప్పులప్పుడే సర్దుకుంటారు. ఎదురుకాళ్లయితే ఒళ్లంతా వచ్చాక తల ఇరుక్కోవచ్చు. అందుకే భయం. అడ్డంగానే ఉండిపోతే ఎంత నొప్పులు తీసినా కాన్పు కాదు, పెద్దాపరేషనే.

36 వారాలకు మళ్లీ చూపించుకో. అప్పటికీ తిరగకపోతే, పొట్ట పైనుంచి చేత్తో తిప్పడానికి వీలుందా అని డాక్టరమ్మను అడుగు. దాదాపు సగం మందికి తిరుగుతుంది. కానీ అది ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆస్పత్రిలో, బిడ్డ గుండె చూసుకుంటూ డాక్టర్లు చేయాల్సిన పని. నూనె రాసి తిప్పుతామని ఇంటికొచ్చేవాళ్లను పొట్ట మీద చెయ్యి వేయనీయకు. మాయ గర్భసంచి నుంచి విడిపోతే ఇద్దరికీ ప్రాణం మీదికి వస్తుంది.

ఒక తండాలో ఉమ్మనీరు పోయిన పిల్లను ఆటో కోసం రోడ్డు దాకా నడిపించారు. బిడ్డ అడ్డంగా ఉంది. నేను చేరేసరికి బొడ్డుతాడు బయటికి జారింది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఆ పిల్ల ముఖం ఈ రోజుకీ నా కళ్ల ముందే ఉంది. బిడ్డ తిరగకముందే నీకు నీళ్లు పోతే ఒక్క అడుగు కూడా వేయకు. నడుము కింద దిండు పెట్టుకుని పక్కకు పడుకో, వెంటనే 108కి ఫోన్ చేయించు. తాడు కనిపిస్తే ఎవరూ లోపలికి తోయొద్దు. ఈ ముక్క అల్లుడికి చదివి వినిపించు.

మన తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే. ముహూర్తం చూసి కోయించుకునేవాళ్లంటే నాకు కోపం. నీ సంగతి అది కాదు. చివరిదాకా తిరగక ఆపరేషన్ అంటే సరేనను. అందులో నీ తప్పేమీ లేదు, ఎవరేమన్నా పట్టించుకోకు.

కదలికలు తగ్గినట్టనిపిస్తే మాత్రం పొద్దు చూడకుండా ఆస్పత్రికి పో. స్కానింగ్ కాగితం ఫోటో తీసి పంపు, మాయ ఎక్కడుందో రాసి ఉంటుంది, చూస్తాను.

మీ పెద్దమ్మ