అమ్మాయి ఢిల్లీలో ప్రాక్టీసు చేస్తానంటోంది, పంపాలా?

ప్రశ్న: మాది గాజువాక. స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాను. అమ్మాయి సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయంలో ఐదో ఏడు చదువుతోంది. చదువు పూర్తి కాగానే ఢిల్లీ వెళ్లి సుప్రీంకోర్టు లాయరు దగ్గర జూనియర్‌గా చేరతానంటోంది. మొదట్లో ఇరవై వేలు వస్తే గొప్పట. రాత్రి పదింటి దాకా పనట. ఏదైనా కంపెనీలో లీగల్ ఉద్యోగం చూసుకో, లేదా జడ్జి పరీక్ష రాయి అంటే వినడం లేదు. ఇలాంటి జీవితంలో పెళ్లి, పిల్లలు ఎలా కుదురుతాయి? పెద్దబ్బాయి డాలస్‌లో ఉన్నాడు. వాడి విషయంలో ఎప్పుడూ ఇంత టెన్షన్ పడలేదు. ఢిల్లీ మంచిదా, విశాఖ మంచిదా, పోల్చి చెప్పండి.

జవాబు: అయ్యా, పోల్చి చెబుతాను. అయితే మీ ఉత్తరం చదివితే మీ భయం ఢిల్లీ గురించి అనిపించలేదు. పెళ్లిలోనో పేరంటంలోనో "అమ్మాయి ఏం చేస్తోంది?" అని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక కంపెనీ పేరు, ఒక జీతం అంకె ఉండవు. అదీ మీ భయం. ఇంజనీరింగ్ చదివిన పిల్లల ఇళ్లలో ఆఫర్ లెటర్ ఉంటుంది. లాయరు ఇంట్లో మొదటి నాలుగైదేళ్లు చూపించడానికి కాగితం ఏదీ ఉండదు. పిల్లల్ని న్యాయవిద్యలో చేర్పించిన ప్రతి తండ్రీ, తల్లీ చివరి ఏడాదిలో ఇదే ప్రశ్నతో వస్తారు. ఈ వృత్తి తీరే అంత, మీ అమ్మాయి ఏదో తప్పుదారి పట్టిందని కాదు. ముందు ఆ మాట మనసులో పెట్టుకోండి.

"ఇలాంటి జీవితం" అని రాశారు కదా. జూనియర్ రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. సుప్రీంకోర్టులో బెంచి పదిన్నరకు కూర్చుంటుంది. జూనియర్ అంతకు ముందే ఫైళ్లతో అక్కడ ఉండాలి. సీనియర్‌కు ఒకే రోజు మూడు నాలుగు కోర్టుల్లో కేసులుంటాయి. ఏ కోర్టులో ఎన్నో నంబరు నడుస్తోందో డిస్‌ప్లే బోర్డు మీద చూసుకుంటూ ఈ గది నుంచి ఆ గదికి పరుగులు తీయాలి. సీనియర్ ఇంకో కోర్టులో ఇరుక్కుపోతే, లేచి నిలబడి కాసేపు ఆగమని అడగాల్సింది జూనియరే. దాన్ని పాస్ ఓవర్ అంటారు. ఎందరో పెద్ద లాయర్లు మొదట కోర్టులో నోరు విప్పింది ఆ ఒక్క వాక్యంతోనే. మధ్యాహ్నం కేసు కాగితాలు తీసుకునే కోర్టు ఆఫీసులో, అంటే రిజిస్ట్రీలో, ఫైలింగు లోపాలు సరిచేయించడం, సాయంత్రం ఆఫీసులో డ్రాఫ్టింగు, ఆ తర్వాత పెద్ద సీనియర్ ఇంట్లో కేసు మీద చర్చ. ఢిల్లీలో ఈ చర్చలు చాలావరకు చీకటిపడ్డాకే జరుగుతాయి. మీ అమ్మాయి చెప్పిన రాత్రి పది నిజమే. కొత్త కేసులు ఎక్కువగా విచారణకు వచ్చే సోమవారం కోసం ఆదివారం కూడా చాలామందికి పనిదినమే.

ఇంటి సంగతి. జంగ్‌పురా, లజ్‌పత్ నగర్ లాంటి చోట్ల ఇద్దరు ముగ్గురు కలిసి ఫ్లాటు తీసుకుంటారు. చలికాలంలో పొగమంచు, కాలుష్యం కలిసి ఊపిరి ఆడనివ్వవు. మన సముద్రపు గాలికి అలవాటు పడిన పిల్లలకు ఆ రెండు మూడు నెలలు నిజంగా కష్టం. మన భోజనం మీద బెంగ పుడితే అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉంది. ఏడాదిలో దసరా, దీపావళి సెలవులు, వేసవిలో కోర్టు పని తగ్గే వారాలు ఉంటాయి. అప్పుడు ఇంటికి వస్తుంది. ఒంటరితనం మాత్రం ఉంటుంది. తోటి జూనియర్లు స్నేహితులవుతారు కానీ వాళ్లూ అలసిపోయే ఉంటారు.

డబ్బు గురించి దాపరికం లేకుండా మాట్లాడుకుందాం. జూనియర్లకు నెలకు పట్టణాల్లో కనీసం 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని 2024 అక్టోబరులో లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక సర్క్యులర్ ఇచ్చింది. అది సిఫార్సు మాత్రమే. ఇవ్వకపోతే ఎవరూ అడగరు. ఇచ్చే ఛాంబర్లూ (సీనియర్ లాయర్ల ఆఫీసులు) ఉన్నాయి, ఎక్కువ ఇచ్చేవీ ఉన్నాయి, ప్రయాణ ఖర్చులిచ్చి చేతులు దులుపుకునేవీ ఉన్నాయి. కాబట్టి ఢిల్లీలో అద్దె కట్టి, తిని, నల్లకోటు ఉతికించుకుని బతకాలంటే మొదటి రెండేళ్లు ఇంటి నుంచి డబ్బు పంపాలి. ఇక్కడే మిమ్మల్ని ఒక మాట అడగాలి, ఏమీ అనుకోకండి.

పెద్దబ్బాయి ఎమ్మెస్‌కు వెళ్లినప్పుడు ఖర్చు ఎలా భరించారు? అప్పు చేసి పంపే ఇంట్లో కూడా "రెండేళ్లు ఓపిక పడదాం, తర్వాత నిలబడతాడు" అనే అంటారు. అమ్మాయి అడుగుతున్నదీ ఆ ఓపికే. డాలస్‌లో వాడు రాత్రి ఎన్నింటికి ఇంటికొస్తున్నాడో మీరెప్పుడైనా అడిగారా? వాడికి సముద్రాలు దాటడం ధైర్యం, ఈమెకు ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చేరే ఊరికి వెళ్లడం మొండితనం. ఇది న్యాయంగా లేదు. చదువుకునేటప్పుడు "మా అమ్మాయి లాయరు అవుతుంది" అని గర్వంగా చెప్పుకుని, అవుతానన్న రోజున వద్దంటే, ఆ పిల్లకు కలిగే బాధ జీతం తక్కువైన బాధ కంటే పెద్దది.

మీరు చూపించిన రెండు దారులూ మీరనుకున్నంత సురక్షితం కాదు. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే కనీసం మూడేళ్లు ప్రాక్టీసు చేసి ఉండాలి. కాలేజీ నుంచి నేరుగా కోచింగ్ సెంటరుకు, అక్కడి నుంచి జడ్జి కుర్చీకి వెళ్లే రోజులు పోయాయి. అంటే జడ్జి కావాలన్నా ముందు కొన్నేళ్లు కోర్టులో పనిచేయాల్సిందే. ఇక కంపెనీ ఉద్యోగం. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం పూర్తికాలం జీతం తీసుకునే ఉద్యోగి లాయరుగా ప్రాక్టీసు చేయకూడదు. ఉద్యోగంలో చేరగానే ఆ సంగతి బార్ కౌన్సిల్‌కు చెప్పి ప్రాక్టీసు ఆపాలి. ముందు కంపెనీలో చేరి, తర్వాత జడ్జి పరీక్ష అనుకుంటే ఆ మూడేళ్లూ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకోవాలి. ఉద్యోగం మంచిదే, ఇష్టమైతే చేయొచ్చు. అయితే మీ ఉత్తరంలో ఆ ఇష్టం మీదే తప్ప ఆమెది కాదు.

ఇంతవరకు మీతో మాట్లాడాను. ఇప్పుడు మీ అమ్మాయితో మాట్లాడాలి. దయచేసి ఈ భాగం ఆమెకు చూపించండి.

అమ్మా, కాలేజీ గేటు దాటగానే నేరుగా సుప్రీంకోర్టు అనే దారి మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. ఈమధ్య లా కాలేజీల్లో ఇదొక మోజుగా మారింది. ఆ తెల్లటి గుమ్మటం ముందు ఫొటో, పెద్ద పేరున్న ఛాంబరు, టీవీలో వచ్చే కేసులు. ఆకర్షణ నాకు అర్థమవుతుంది. కానీ సుప్రీంకోర్టుకు వచ్చే కేసు అప్పటికే కింది కోర్టుల్లో వండి వార్చిన కేసు. సాక్షులు చెప్పేశారు, క్రాస్ ఎగ్జామినేషన్ అయిపోయింది, డాక్యుమెంట్లు మార్కయిపోయాయి. అప్పీలు వినమని అనుమతి కోరే స్పెషల్ లీవ్ పిటిషన్ అక్కడ రెండు మూడు నిమిషాల్లో డిస్మిస్ కావడం మామూలే. ఒక దావా ఎలా వేస్తారు, ఇంజంక్షన్ కోసం పొద్దున్నే ఎలా పరిగెత్తాలి, అబద్ధం చెబుతున్న సాక్షిని నాలుగు ప్రశ్నలతో ఎలా ఆపాలి, కోర్టు గుమాస్తాతో ఎలా మెలగాలి, ఇవేవీ చూడకుండా పై కోర్టులో ఏళ్లు గడిపినవాళ్లు నాకు తెలుసు. డ్రాఫ్టింగు అందంగా ఉంటుంది. సొంత క్లయింటు వచ్చి ఎదురుగా కూర్చుంటే మాత్రం తడబడతారు.

ఇంకోటి, ఢిల్లీలో సుప్రీంకోర్టు లాయరుకు కేసులు ఎక్కడి నుంచి వస్తాయి? బార్ కౌన్సిల్ నియమాల వల్ల లాయర్లు ప్రకటనలు వేసుకోకూడదు. కేసులు ఎక్కువగా హైకోర్టులో, జిల్లా కోర్టులో ఉన్న లాయర్లు పంపితేనే వస్తాయి. అమరావతిలో, విశాఖలో నిన్ను ఎరిగిన లాయర్లు లేకపోతే ఢిల్లీలో నువ్వు ఎంత తెలివైనదానివైనా ఒకరి దగ్గర జూనియర్‌గానే మిగిలిపోతావు. 2020 మే 7న ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకు సంగతి గుర్తు చేసుకో. మరుసటి రోజే ఢిల్లీలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్లు డిపాజిట్ చేయమంది. ఇక్కడి హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అలాంటి కేసులో ఆ ఊరు, ఆ ఫ్యాక్టరీ గోడ, ఆ జనం తెలిసిన లాయరు మాటకు విలువ ఎక్కువ. పోర్టు, షిప్‌యార్డు, ఫార్మా కంపెనీలు ఉన్న ఊరు మనది. ఓడల వివాదాలకు 2017లో వచ్చిన అడ్మిరాల్టీ చట్టం కింద మన హైకోర్టుకే అధికారం ఉంది. బ్యాంకు బాకీల ట్రిబ్యునల్ విశాఖలోనే ఉంది. నేర్చుకోవడానికి ఇక్కడ పని తక్కువేమీ లేదు.

పైగా తొందరపడాల్సిన అవసరమూ లేదు. సుప్రీంకోర్టులో సొంతంగా కేసు ఫైల్ చేయాలంటే అడ్వకేట్ ఆన్ రికార్డ్ అనే అర్హత సంపాదించాలి. దానికి బార్ కౌన్సిల్‌లో లాయరుగా నమోదై, అంటే ఎన్‌రోల్ అయి, నాలుగేళ్లు పూర్తి కావాలి, ఆ తర్వాత పదేళ్ల అనుభవమున్న ఒక అడ్వకేట్ ఆన్ రికార్డ్ దగ్గర ఏడాది శిక్షణ, ఆపైన పరీక్ష. ఆ నాలుగేళ్లు ఢిల్లీలోనే గడవాలని ఎక్కడా లేదు. విశాఖ జిల్లా కోర్టులో గడిపినా లెక్కలోకి వస్తాయి. నీ సన్నద్ (లాయరుగా నమోదు పత్రం) ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్‌దైనా దేశంలో ఏ కోర్టులోనైనా వాదించొచ్చు. అందుకని రెండేళ్లు ఇక్కడ సాక్షుల విచారణ జరిగే ట్రయల్ కోర్టులో చేసి, వీలైతే ఒక ఏడాది అమరావతి హైకోర్టు చూసి, తర్వాత ఢిల్లీ వెళ్తే నువ్వు పోగొట్టుకునేది ఏమీ లేదు. అయినా ఇప్పుడే వెళ్తానంటావా? వెళ్లు. ఆ మనసూ అర్థం చేసుకోగలను. కానీ ట్రయల్ కేసులు కూడా చేసే ఛాంబరు వెతుక్కో. తీస్ హజారీ, సాకేత్, పటియాలా హౌస్ కోర్టులకు పంపే సీనియర్ అయితే మరీ మంచిది. అక్కడ హిందీ లేకుండా గడవదు. సుప్రీంకోర్టులో ఇంగ్లీషు చాలు, సాక్షికి చాలదు. ఇప్పటి నుంచే హిందీ మాట్లాడటం అలవాటు చేసుకో.

మళ్లీ మీ దగ్గరికి వస్తాను అయ్యా. పెళ్లి గురించి మీరు రాసిన రెండు వాక్యాలు చూసి బాధపడ్డాను. లాయర్లు పెళ్లిళ్లు చేసుకుంటున్నారు, పిల్లల్ని పెంచుతున్నారు. ఇద్దరూ లాయర్లైన దంపతులు ఢిల్లీలో చాలామంది ఉన్నారు, ఎందుకంటే ఆ పని వేళలు అర్థమయ్యేది ఇంకో లాయరుకే. సుప్రీంకోర్టులో చిన్నపిల్లల కోసం క్రెష్ ఉంది. లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు చేయడానికి 2013 నుంచి అక్కడ ప్రత్యేక నిబంధనలు, కమిటీ ఉన్నాయి. ఇవి ఉన్నంత మాత్రాన అంతా సవ్యంగా ఉందని చెప్పను. 2021లో ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న మన తెలుగువారు జస్టిస్ ఎన్.వి. రమణే దేశంలోని 17 లక్షల మంది లాయర్లలో మహిళలు 15 శాతమేనని చెప్పారు. వృత్తిలోకి వచ్చిన ఆడపిల్లలు పెళ్లి, కాన్పు దగ్గర ఆగిపోవడం దానికి ఒక పెద్ద కారణం. ఆగిపోయేలా చేసేది చాలాసార్లు కోర్టు కాదు, ఇల్లు. "ఎంతకాలం ఇలా?" అని అడిగే ఇల్లు. మీరు ఆ ఇల్లు కాకండి. సంబంధం చూసేటప్పుడు ఆమె పనివేళలు ముందే చెప్పండి. ఒప్పుకోని వాళ్లు ముందే వెళ్లిపోతారు, అదీ మేలే.

పోల్చమన్నారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. మొదటి రెండేళ్లకు విశాఖ మేలు: ఖర్చు తక్కువ, కోర్టులో నోరు విప్పే అవకాశం ఎక్కువ. ఆ తర్వాత ఆమె వేసే కేసుల స్థాయి, కలిసే మనుషులు, వృత్తిలో ఎదుగుదల చూస్తే ఢిల్లీకి సాటి లేదు. రెండు చోట్లా మొదట్లో డబ్బు తక్కువే. మీకు రాత్రి నిద్ర పట్టడం ఒక్కటే కొలత అయితే రెండూ ఒకటే, ఎందుకంటే విశాఖలో ఉన్నా లాయరు రాత్రి ఎనిమిదికి ముందు ఇంటికి రాదు.

ఈ వారంలో ఒక పని చేయండి. అమ్మాయిని కూర్చోబెట్టి, వద్దనడానికి కాకుండా లెక్క వేయడానికి మాట్లాడండి. నెలకు ఎంత పంపగలరు, ఎన్ని నెలలు పంపగలరు, కాగితం మీద రాయండి. ఏ ఛాంబరు, ఎంత ఇస్తారు, ట్రయల్ పని ఉందా అని ఆమెను అడగండి. ఇంటర్న్‌షిప్ చేసిన చోటే అయితే అక్కడ పనిచేసే ఇంకో అమ్మాయితో మీ భార్యను ఫోన్‌లో మాట్లాడించండి. తల్లులు అడిగే ప్రశ్నలకు ఆ పిల్లలు నిజం చెబుతారు. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు పేరుతో ఎవరైనా వేలకు వేలు అడిగితే, చట్టం చెప్పిన 750 రూపాయలకు మించి బార్ కౌన్సిళ్లు ఎన్‌రోల్‌మెంట్ ఫీజు వసూలు చేయకూడదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిందని గుర్తు పెట్టుకోండి. స్టాంపు డ్యూటీ ఉంటే అది వేరు. తర్వాత కూడా మనసు కుదుటపడకపోతే ఇద్దరూ కలిసి రండి. మీరొక్కరే రాకండి.