డయాలసిస్ శాంపిల్ చేతికొచ్చినప్పుడు

అమ్మాయ్,

హెపటైటిస్ సి జీనోటైపింగ్ పని, అంటే వైరస్ ఏ రకమో తేల్చే పని, నీకు అప్పగించారని, డయాలసిస్ యూనిట్ శాంపిళ్లంటే టెన్షన్‌గా ఉందని రాశావు. నీ భయమంతా జన్యువు అక్షరాలు చదివే సీక్వెన్సర్ గురించే. నన్నడిగితే ఈ రోగుల విషయంలో సగం తప్పులు ట్యూబు దగ్గరే జరుగుతాయి.

రక్తం డయాలసిస్ మొదలవకముందే, గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఎక్కించకముందే తీయాలి. ఈ మాట నర్సులకు నువ్వే వెళ్లి చెప్పు, కాగితం పంపితే ఎవరూ చదవరు. వైరస్ జన్యువును పట్టుకోవడానికి దాని కాపీలను పెంచే పీసీఆర్‌ను హెపారిన్ ఆపేస్తుంది. పైగా డయాలసిస్ నడిచేకొద్దీ రక్తంలో వైరస్ కూడా తగ్గవచ్చు. కొత్తలో నేను ఒకే రోజు నాలుగు శాంపిళ్లకు 'వైరస్ లేదు' అని రాయబోయాను. తీరా చూస్తే పరీక్ష సరిగా నడిచిందో లేదో చూపే ఇంటర్నల్ కంట్రోల్ కూడా లేవలేదు. ఆరా తీస్తే నాలుగూ డయాలసిస్ మధ్యలో లైన్‌లోంచి తీసినవి! రిపోర్టు మీద సంతకం పెట్టలేదు కాబట్టి బతికిపోయాను. హెపారిన్ బదులు ఈడీటీఏ కలిపిన ట్యూబే వాడించు. ఆరు గంటల్లోపు ప్లాస్మా వేరుచేసి, రెండు మూడు చిన్న గొట్టాల్లోకి పంచి మైనస్ 70 డిగ్రీల్లో పెట్టు. ఒకే గొట్టాన్ని పదేపదే కరిగిస్తే వైరస్ జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏ దెబ్బతింటుంది.

యాంటీబాడీలను బట్టి టైపు చెప్పే సీరోటైపింగ్ జోలికి పోకు. డయాలసిస్ రోగుల్లో రోగనిరోధక శక్తి మందగించి ఉంటుంది, యాంటీబాడీలు సరిగా రావు.

ఇక పద్ధతి. వైరస్ జన్యువు సుమారు 9,600 న్యూక్లియోటైడ్ల పొడవు. అందులో మొదట్లో ఉండే ఐదు ప్రైమ్ యూటీఆర్ అనే భాగం పెద్దగా మారదు కాబట్టి పీసీఆర్‌కు తేలిగ్గా చిక్కుతుంది. చిక్కేదీ అందుకే, తికమక పెట్టేదీ అందుకే. ఆ ఒక్క భాగమే చూస్తే 1ఏ, 1బి అనే సబ్‌టైపులు (ఉపరకాలు) తారుమారవుతాయి, టైపు 6లో కొన్ని రకాలు 1బి లాగే కనిపిస్తాయి. వైరస్ రకాన్ని గీతలుగా చూపే లైన్ ప్రోబ్ స్ట్రిప్ వాడితే, కోర్ అనే జన్యుభాగాన్ని కూడా చూసే రకం తీసుకో. గీత మసకగా ఉంటే ఊహించి చెప్పకు, ఎన్‌ఎస్5బి అనే జన్యుభాగాన్ని సీక్వెన్స్ చెయ్యి. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) మరీ తక్కువగా ఉంటే అదీ రాకపోవచ్చు. అప్పుడు 'తేల్చలేకపోయాం' అని రాయడానికి మొహమాటపడకు. రెండు రకాలు కలిసి ఉన్న రోగిలో తక్కువగా ఉన్నది, కాపీలన్నీ కలిపి చదివే మామూలు సాంగర్ సీక్వెన్సింగ్‌కు కనబడకుండా పోతుందని కూడా గుర్తుంచుకో.

అన్ని టైపులకూ పనిచేసే మందులు వచ్చాక ఈ పరీక్ష ఎందుకని డాక్టర్లు అడుగుతారు. నయమైన మనిషికి మళ్లీ వైరస్ కనిపిస్తే పాతదే తిరగబెట్టిందా, కొత్తగా అంటుకుందా అనేది టైపు తెలియకుండా ఎలా చెబుతారు?

అంతకన్నా ఇరుకున పెట్టే ప్రశ్న ఇంకోటి వస్తుంది: "ఈ రోగి నుంచే ఆ రోగికి సోకిందా?" ఇద్దరిదీ ఒకే సబ్‌టైపు అయినంత మాత్రాన అవునని అనకు. ఆ ప్రాంతంలో అదే ఎక్కువైతే అందరికీ అదే ఉంటుంది. సబ్‌టైపులు వేరైతే మాత్రం ఆ అనుమానం చాలావరకు తీరినట్టే. ఒకటే అయితే త్వరగా మారిపోయే ఈ2 అనే జన్యుభాగాన్ని సీక్వెన్స్ చేసి, యూనిట్‌తో సంబంధం లేని రోగుల వైరస్‌లను కూడా పోలికకు చేర్చి వైరస్‌ల వంశవృక్షం గీయాలి. అది ఒక్కరోజు పని కాదు, తొందరపెట్టినా లొంగకు.

ఇంతకీ మీ శాంపిల్ ఫారంలో 'డయాలసిస్‌కు ముందా, తర్వాతా' అనే గడి ఉందా? లేకపోతే రేపే పెట్టించు, రక్తం తీసిన టైము రాసే చోటుతో సహా.