ఇంటి మాట బడిలో చెప్పిందని పాపను తిట్టారు, ఇప్పుడేం చెయ్యాలి?

ప్రశ్న: మాది కరీంనగర్. మా పాపకు ఎనిమిదేళ్లు, ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి. ఈ ఏడాది నుంచి రోజూ మొదటి పీరియడ్‌లో 20 నిమిషాలు పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి ‘ఇవాళ నీ మనసెలా ఉంది?’ అని అడుగుతున్నారు. గోడకు నాలుగు ముఖాల చార్టు కూడా పెట్టారు. పిల్లలు క్లాసుకు రాగానే తమ పేరున్న క్లిప్పు ఏదో ఒక ముఖం దగ్గర తగిలించాలి. మూడు వారాల కిందట మా పాప ఏడుపు ముఖం దగ్గర తగిలించింది. ఎందుకని టీచర్ అడిగితే ‘రాత్రి నాన్న అమ్మ మీద అరిచి కంచం విసిరేశాడు’ అని అందరి ముందు చెప్పేసింది. షాపులో నష్టం వచ్చినప్పటి నుంచి మా వారికి కోపం ఎక్కువైన మాట నిజమే. చెయ్యి మాత్రం ఎన్నడూ చేసుకోలేదు. ఆ క్లాసులో మా వాడకట్టు పిల్లలు ముగ్గురున్నారు. సాయంత్రానికి అందరికీ తెలిసిపోయింది. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అంటూ మా అత్తమ్మ పాపను బాగా తిట్టింది. మా వారు స్కూలుకెళ్లి తేల్చుకుంటానంటున్నారు. పాపేమో ఇప్పుడు రోజూ నవ్వు ముఖం దగ్గరే క్లిప్పు పెడుతోందట. పొద్దున లేస్తే కడుపునొప్పి అంటుంది, ఆదివారం మాత్రం ఉండదు. ఆ పీరియడ్ నుంచి పాపను తప్పించమని అడగాలా? సెక్షన్ మార్పించాలా?

జవాబు: పాప తప్పేమీ చెయ్యలేదమ్మా. టీచర్ అడిగారు, పాప ఉన్నదున్నట్టు చెప్పింది. పొరపాటంతా అడిగిన తీరులో ఉంది. క్లాసు మొత్తం వింటుండగా ‘ఎందుకు ఏడుపు?’ అని ఎనిమిదేళ్ల పిల్లను అడిగితే ఇంటి సంగతులే బయటికొస్తాయి. దాన్ని బడితో మాట్లాడి సరిచెయ్యొచ్చు. అంతకన్నా ముందు ఇంట్లో తిట్ల వల్ల జరిగిన నష్టాన్ని పూడ్చాలి.

‘ఇంట్లో మాటలు బయట చెప్పొద్దు’ అనే కట్టడి పిల్లలకు ప్రమాదం. ఆటోలోనో, ట్యూషన్‌లోనో, బంధువుల ఇంట్లోనో ఎవరైనా చెయ్యకూడని పని చేస్తే వాళ్లు మొదట అనే మాట కూడా ‘ఎవరికీ చెప్పకు’ అనే. దాచాల్సిన గుట్టేదో, చెప్పితీరాల్సిందేదో తేల్చుకునే శక్తి ఆ వయసుకు రాదు. చెప్తే తిట్లు పడతాయని ఒకసారి తెలిస్తే రెండోసారి నోరు విప్పరు, మీ దగ్గర కూడా. అందుకే ‘చెప్పొద్దు’ అనడం మాని, ఎవరికి చెప్పాలో నేర్పండి. కాగితం మీద పాప అరచెయ్యి పెట్టించి చుట్టూ పెన్సిల్‌తో గీయించండి. ఒక్కో వేలి మీద తను ఏదైనా చెప్పుకోగలిగిన ఒక్కో పెద్దమనిషి పేరు రాయమనండి. పేర్లు తనే ఎంచుకోవాలి. ఒక్కరైనా మీ ఇంట్లో ఉండనివాళ్లు, పిన్నో మేనత్తో, కావాలి. వాళ్లలో ఒకరి ఫోన్ నంబరు కంఠతా వచ్చేదాకా ఆటలా చెప్పించండి. నానమ్మ పేరు రాయకపోతే ‘మరి నానమ్మో?’ అని గుర్తు చెయ్యకండి. టీచర్ పేరు రాస్తే ‘టీచర్ ఒక్కరే ఉన్నప్పుడు చెప్పు’ అనండి, చాలు.

పాపతో ఆ రోజు సంగతి ఎత్తేటప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి విచారణలా అడగొద్దు. జడ వేస్తూనో, బియ్యం ఏరుతూనో, రెండు నిమిషాల్లో ముగించండి. ‘ఆ రోజు టీచర్ అడిగితే నిజం చెప్పావు, నీ తప్పేం లేదు. నానమ్మ నిన్ను తిట్టకుండా ఉండాల్సింది. నాన్న కోపం పెద్దవాళ్ల సంగతి. అది నీ వల్ల రాలేదు, నువ్వు తగ్గించనక్కర్లేదు.’ ఇంతే. చివర్లో ‘అర్థమైందా?’ అనొద్దు, అంటే తలూపి ఊరుకుంటుంది. ‘నీ వల్ల రాలేదు’ అన్న మాట తప్పక అనండి. ఈ వయసు పిల్లలు ఇంట్లో ఏ గొడవ జరిగినా తమ అల్లరి వల్లో, మార్కుల వల్లో అని లోపల అనుకుంటారు, పైకి చెప్పరు. వారం పోయాక ఇదే ఇంకోసారి చెప్పండి.

మీవారు కూడా పాపతో మాట్లాడాలి. స్కూలుకెళ్లి తేల్చుకోవడం కన్నా ముందు ఆయన చెయ్యాల్సిన పని ఇదే. ‘ఆ రోజు కంచం విసిరాను, తప్పు చేశాను. నీకు భయమేసింది కదా. ఇకమీద కోపం వస్తే కాసేపు బయటికెళ్లి నడిచొస్తా’ అంటే సరిపోతుంది. ‘ఇంకెప్పుడూ అరవను’ అని మాత్రం మాటివ్వనివ్వకండి. పది రోజులకు ఆ మాట తప్పితే పాప తర్వాతి మాటలు కూడా నమ్మదు. ఇక మీరిద్దరూ అనుకోవాల్సినవి: షాపు లెక్కలు, అప్పుల మాటలు పాప అన్నం తినేటప్పుడు, పడుకోబోయే ముందు ఎత్తకూడదు. గొంతు పెరుగుతోందని ఎవరికి ముందు అనిపిస్తే వాళ్లు ‘కాసేపాగుదాం’ అనాలి, రెండోవాళ్లు వాదించకుండా ఆగాలి. కనీసం 20 నిమిషాలు కావాలి. అయిదు నిమిషాలకే మళ్లీ మొదలుపెడితే ఇంకా పెద్దదవుతుంది, ఒంట్లో వేడి అంత తొందరగా దిగదు. తిరిగొచ్చాక ఆ మాట పూర్తి చేసుకోవాలి. ముగించకుండా రెండు రోజులు ముభావంగా ఉంటే దానికి కూడా పిల్లలు బెదురుతారు. గొడవ పాప చూసి ఉంటే, కలిసిపోయిన సంగతి కూడా పాప చూడాలి.

చెయ్యి చేసుకోలేదని రాశారు. సరే. కానీ వస్తువులు మీ మీదికి విసరడం, నెట్టడం, తలుపు బయట గడియ పెట్టడం లాంటివి ఉంటే ఇది సలహాల శీర్షికతో తేలే సంగతి కాదు. 2005 గృహహింస చట్టం కొట్టడాన్నే కాదు, మాటలతో వేధించడాన్ని కూడా హింసగానే లెక్కిస్తుంది. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యొచ్చు, హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రానికి వెళ్లొచ్చు.

అత్తగారితో సామెతల మీద వాదన పెట్టుకోకండి. ఆవిడ భయమంతా పరువు గురించి. ‘పాప ముందు ఆ సంగతి ఎత్తొద్దు’ అన్న ఒక్క మాట చాలు, అదైనా ఆవిడ కొడుకు చెప్పాలి. కోడలు చెప్తే ఇంకో గొడవ మొదలవుతుంది.

ఇక బడి. మీవారు కోపంలో ఉన్నారు కాబట్టి మొదటిసారి మీరే వెళ్లండి. గేటు దగ్గర పట్టుకుని మాట్లాడకుండా, బడి వదిలాక ఒక పావుగంట సమయం అడిగి తీసుకోండి. ఇలాంటి పీరియడ్లు కొత్తేమీ కాదు. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018 జూలైలో నర్సరీ మొదలు ఎనిమిదో తరగతి దాకా హ్యాపీనెస్ పీరియడ్ పెట్టారు, దానికి పరీక్షలు, మార్కులు ఉండేవి కావు. ఉద్దేశం మంచిదే. నడిపే పద్ధతి తెలియకపోతే మీ పాపకు జరిగినట్టే జరుగుతుంది.

గుండ్రంగా కూర్చోబెట్టే పద్ధతిలో మొట్టమొదటి చిక్కు లెక్కలోనే ఉంది. క్లాసులో 35 మంది ఉంటే 20 నిమిషాల్లో ఒక్కొక్కరికి అర నిమిషానికి కాస్త మించి రాదు. మొదటివాళ్లు ఏదో చెప్తారు, మధ్యలోవాళ్లు అదే వల్లిస్తారు, చివరివాళ్లు పక్కవాణ్ణి గిల్లుతుంటారు. అందుకని ముందు ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి చెరో నిమిషం మాట్లాడుకోనిచ్చి, ఆ తర్వాత ఇష్టమున్న అయిదారుగురితో అందరికీ చెప్పించాలి. చేతిలో బంతి ఉన్నవాళ్లే మాట్లాడాలి. చెప్పడం ఇష్టం లేకపోతే ‘పాస్’ అని పక్కవాళ్లకిచ్చేయొచ్చు. మొదటి వారంలో టీచరే రెండుమూడుసార్లు ‘పాస్’ అంటే, అది తప్పు కాదని పిల్లలకు తెలుస్తుంది. లేకపోతే ‘పాస్’ అన్నవాళ్లను మొండివాళ్లుగా చూస్తారు.

ప్రశ్న ఎలాంటిదన్నది ఇంకా ముఖ్యం. ‘ఇంట్లో ఏమైంది?’, ‘ఎందుకు ఏడ్చావు?’ లాంటివి అందరి ముందు రాకూడదు. ‘కోపం వస్తే ఒంట్లో ఎక్కడ తెలుస్తుంది?’, ‘ఇంటర్వెల్‌లో నిన్ను ఆటలోకి రానివ్వకపోతే ఏం చేస్తావు?’ లాంటివి అడగొచ్చు. ఒక కుందేలు బొమ్మను పట్టుకుని ‘దీనికి ఇవాళ బడికి రావాలని లేదట, ఎందుకయ్యుంటుంది?’ అంటే పిల్లలు తమ మాటే కుందేలు నోట చెప్పిస్తారు, గుట్టు వాళ్ల దగ్గరే ఉంటుంది. అయినా ఎవరైనా పెద్ద సంగతి చెప్పబోతే టీచర్ అక్కడే మెల్లగా ఆపాలి: ‘ఇది నేను బాగా వినాల్సిన మాట. లంచ్‌లో మనిద్దరం మాట్లాడుకుందాం.’ ఆ లంచ్‌లో తప్పకుండా మాట్లాడాలి. ఒక్కసారి మరిచిపోయినా పిల్లలు గుర్తుపెట్టుకుంటారు. ‘ఇక్కడి మాట బయటికి పోదు’ అని టీచర్లు భరోసా ఇస్తుంటారు. ఎనిమిదేళ్ల పిల్లల చేత దాన్ని పాటించడం ఎవరి తరమూ కాదు, ఇవ్వకూడని భరోసా అది. చివరి రెండు నిమిషాలు చప్పట్ల ఆటో, పాటో ఉండాలి, లేకపోతే బరువెక్కిన మనసుతోనే లెక్కల పీరియడ్‌కు వెళ్తారు.

చార్టు సంగతి. నవ్వు ముఖం దగ్గర పెడితే ఎవరూ ఏమీ అడగరని పిల్లలు వారంలోనే కనిపెడతారు. మీ పాప చేస్తున్నది అదే. క్లిప్పులన్నీ నవ్వు ముఖం చుట్టూ చేరితే క్లాసంతా సంతోషంగా ఉందనుకోవడం మన అమాయకత్వం. గోడ మీది చార్టు తీసేసి, నోట్‌బుక్ అట్ట లోపలి పక్క చిన్న పట్టిక గీసుకుని అక్కడ టిక్కు పెట్టమనాలి. హాజరు వేసేటప్పుడు టీచర్ బల్లల మధ్య తిరుగుతూ చూసుకోవచ్చు. రెండుమూడు రోజులు వరసగా దిగులు కనిపిస్తే ఒంటరిగా పలకరించాలి. నాలుగు ముఖాలు మూడో తరగతికి చాలవు కూడా. బెంగ, ఉక్రోషం, విసుగు, సిగ్గు చేరిస్తే పిల్లలు ఎంత కచ్చితంగా చెప్తారో టీచరే చూస్తారు.

ఇవన్నీ ఒకేసారి అడిగితే టీచర్ బిగుసుకుంటారు. మూడే అడగండి: ఇంటి సంగతులు అందరి ముందు అడగొద్దని, ‘పాస్’ అనే వీలు ఇవ్వమని, చార్టును నోట్‌బుక్‌లోకి మార్చమని. కంచం సంగతి మీ ఇంట్లో మాట్లాడుకున్నారనీ, పాపను దాని గురించి ఇక ఎవరూ అడగొద్దనీ కూడా చెప్పండి.

పీరియడ్ నుంచి తప్పించమని అడగొద్దు. అందరూ గుండ్రంగా కూర్చున్నప్పుడు పాప ఒక్కతే స్టాఫ్ రూమ్‌లో కూర్చుంటే అది శిక్షలాగే కనిపిస్తుంది, వాడకట్టు పిల్లలకు ఇంకో కబురు దొరుకుతుంది.

కడుపునొప్పి నటన కాదు. బెంగకు కడుపు నిజంగానే నొస్తుంది, సెలవు రోజు రాకపోవడానికి కారణం అదే కావొచ్చు. అయినా ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించండి. రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, జ్వరం, వాంతులు, విరేచనంలో రక్తం, బరువు తగ్గడం, బొడ్డుకు కుడిపక్క కింద నొప్పి, మూత్రంలో మంట, వీటిలో ఏదున్నా ఆలస్యం చెయ్యొద్దు. బడిలో బాత్రూమ్‌కు వెళ్లడం ఇష్టం లేక బిగబట్టుకునే పిల్లలకు మలబద్ధకం వచ్చి పొద్దున నొప్పి రావడం చాలా మామూలు. అది కూడా అడిగి చూడండి.

డాక్టరు ఏమీ లేదంటే బడి మాన్పించకండి. రెండు రోజులు ఇంట్లో ఉంచితే మూడో రోజు వెళ్లడం ఇంకా కష్టమవుతుంది. ఇప్పటికన్నా 20 నిమిషాలు ముందు లేపండి, బాత్రూమ్‌కు తీరిగ్గా వెళ్లే సమయం దొరకాలి. ‘ఇవాళ నొప్పుందా?’ అని మీరుగా అడగొద్దు. రోజూ సాయంత్రం, ఏ నొప్పీ లేనప్పుడు, ఈ ఊపిరి ఆట ఆడించండి: పాపను వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద చిన్న బొమ్మ పెట్టండి. ముక్కుతో మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చాలి, బొమ్మ పైకి లేవాలి. వేడి పాలు ఊదినట్టు నోటితో నాలుగు అంకెలసేపు వదలాలి, బొమ్మ దిగాలి. అయిదారుసార్లు చాలు. బొమ్మ కదలకుండా భుజాలు లేస్తుంటే ఊపిరి ఛాతీతోనే తీస్తోందన్నమాట. గబగబా తీస్తే తల తిరుగుతుంది, అప్పుడు ఆపేయాలి. ఊపిరి బిగబట్టించొద్దు. కళ్లు మూసుకోవడానికి భయపడితే తెరిచే ఉంచనివ్వండి. వారం పది రోజులు అలవాటయ్యాకే పొద్దున నొప్పి వచ్చినప్పుడు చేయించండి. నేర్పకుండా ఏడుస్తున్నప్పుడు చేయించబోతే ఇంకా విసుక్కుంటుంది.

ఆ సంగతి ఎత్తి ఏడిపించే పిల్లలుంటే, వాళ్లతో అనడానికి పాపకు ఒక్క వాక్యం ఇవ్వండి: ‘అది మా ఇంటి సంగతి, ఆడుకుందాం రా.’ మీరు ఆ పిల్లల్లా నటించి మూడునాలుగుసార్లు ఇంట్లోనే అనిపించండి. వాళ్ల అమ్మలు మిమ్మల్ని గుచ్చి అడిగితే మీకూ అదే వాక్యం పనికొస్తుంది.

సెక్షన్ ఇప్పుడే మార్చొద్దు. స్నేహితులు పోతారు, కబురు మాత్రం పక్క సెక్షన్‌కు కూడా చేరే ఉంటుంది. టీచర్‌తో మాట్లాడాక నెల చూడండి. అప్పటికీ ఏడిపించడం ఆగకపోతే ప్రిన్సిపాల్‌కు రాసిచ్చి మార్పు అడగొచ్చు. ఈలోగా పక్క తడపడం మళ్లీ మొదలైనా, తిండి తగ్గినా, పీడకలలతో లేస్తున్నా, ఆడుకోవడం మానేసినా నెల దాకా ఆగకుండా పిల్లల మానసిక నిపుణులకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరును అరచెయ్యి బొమ్మ పక్కనే రాసి పెట్టండి.