గ్యాస్‌తో శుద్ధి చేసేటప్పుడు మైక్రోస్కోపు, పీసీఆర్ మెషీన్ గదిలోనే ఉంచొచ్చా?

ల్యాబ్‌ని హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరితో శుద్ధి చేయబోతున్నామని, మైక్రోస్కోపు, పీసీఆర్ (డీఎన్ఏ కాపీలు తీసే) మెషీన్లలోని ఎలక్ట్రానిక్ బోర్డులు పోతాయేమోనని అడిగారు కదా. ఇలాంటి గదుల్లో పరికరాల మెయింటెనెన్స్ నా పని, కాబట్టి చూసింది చెప్తాను.

బోర్డుల గురించే అందరికీ టెన్షన్. కానీ పెరాక్సైడ్ ఆవిరిగా ఉన్నంతసేపు వాటికి ఏమైనా అయినట్టు నేను చూడలేదు, గొడవంతా అది చెమ్మగా దిగినప్పుడే. మామూలుగా వాడేది 35 శాతం ద్రావణం; ఆవిరయ్యాక ఏ చల్లటి లోహమో తగిలితే నీటికంటే పెరాక్సైడే ఎక్కువగా దిగుతుంది, అంటే అక్కడ పడే బొట్టు మీరు పోసిన ద్రావణం కంటే ఘాటుగా ఉంటుంది. అందుకే ముందురోజే ఫ్రీజర్లు ఆపి గది వేడికి రానివ్వండి, ఏసీ గాలి నేరుగా మెషీన్ మీద పడకుండా చూడండి. తయారీదారు ఒప్పుకుంటే మెషీన్ ఆన్‌లోనే ఉంచడం మంచిది, లోపల వెచ్చగా ఉంటుంది, ఫ్యాన్ ఆవిరిని లోపలికి లాగుతుంది.

నా కళ్లముందు పాడైనవి వేరే. అనోడైజ్ చేసిన (కరెంటుతో పైన ఆక్సైడ్ పొర ఎక్కించిన) అల్యూమినియం నాబులు రంగు వెలిశాయి, ఇత్తడి ఫిట్టింగులు నల్లబడ్డాయి. నైలాన్, సహజ రబ్బరు కూడా నమ్మదగ్గవి కావు. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్, గాజు, టెఫ్లాన్‌కి ఢోకా లేదు. అట్టపెట్టెలు, కాగితాలు, ఫోమ్ మాత్రం బయట పెట్టేయండి, అవి పెరాక్సైడ్‌ని పీల్చుకుని తర్వాత నింపాదిగా వదులుతాయి. గాలిలో పెరాక్సైడ్ 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) కిందికి వచ్చిందని మీటరు చూసి తలుపు మూస్తే, కాసేపటికి మళ్లీ పైకెక్కడం ఎన్నోసార్లు చూశాను (సిలికాన్ ట్యూబులదీ ఇదే తంతు).

పెరాక్సైడ్ కాకుండా వేరేవి చూస్తే, క్లోరిన్ డయాక్సైడ్ 11 డిగ్రీల దగ్గరే మరిగే అసలైన గ్యాస్, సందుగొందుల్లోకి బాగా వెళ్తుంది. 2001లో ఆంత్రాక్స్ క్రిములు పెట్టి పంపిన ఉత్తరాల తర్వాత వాషింగ్టన్‌లోని హార్ట్ సెనేట్ భవనంలో వాడింది అదే. కానీ దానికి గాలిలో తేమ బాగా ఉండాలి, ఆ తేమలో ఇనుము, రాగి తుప్పు పట్టే భయం ఉంటుంది. ఫార్మాల్డిహైడ్ లోహాలను పెద్దగా ముట్టుకోదు గానీ లెన్సుల మీద తెల్లటి పొడి మిగులుస్తుంది, పైగా క్యాన్సర్ కారకం. మైక్రోస్కోపు ఉన్న చోట నేనైతే వద్దంటాను.

మెషీన్ ఎన్ని శుద్ధి సైకిళ్ల (విడతల) వరకు తట్టుకుంటుందో తయారీదారు దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. ఒకసారి బాగానే ఉన్న ప్లాస్టిక్ పదేపదే ఆవిరి తగిలితే పెళుసుబారొచ్చు. స్పోర్ స్ట్రిప్పులు (శుద్ధి జరిగిందో లేదో చూడ్డానికి మొండి బ్యాక్టీరియా బీజాలు అంటించిన పట్టీలు) గది మూలల్లోనే కాదు, మెషీన్ కవర్ లోపల కూడా ఒకటి పెట్టండి, లేకపోతే ఆవిరి అక్కడిదాకా వెళ్లిందో లేదో మీకు తెలియదు.