ఇంట్లో చేసిన లాగర్ బాగా కుదిరిందో లేదో తేల్చాలంటే, ముందు దాన్ని ఫ్రిజ్‌లోంచి తీయండి

మొదటిసారి ఇంట్లో మ్యూనిక్ హెల్లెస్ (చలిలో నెమ్మదిగా పులియబెట్టే లాగర్ బీర్లలో లేతరంగుది) చేశాననీ, స్నేహితులంతా అదిరిందన్నారనీ, మీకు మాత్రం ఉడికిన మొక్కజొన్న వాసన తగులుతోందనీ రాశారు. కుదిరినట్టా, కుదరనట్టా అన్నది మీ ప్రశ్న. ఆ వాసన సంగతి చివర్లో చెప్తాను. ముందు ఆ స్నేహితుల మాట పక్కన పెట్టండి. ఊరికే పోసిన బీర్‌ని బాగాలేదన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

హాప్స్ (బీర్‌కి చేదూ వాసనా ఇచ్చే పూలు) దట్టించిన ఏల్‌లో, అంటే వెచ్చగా పులియబెట్టే బీర్‌లో, చిన్నాచితకా లోపాలు బయటపడవు. హెల్లెస్‌లో దాక్కోవడానికి చోటే లేదు. పిల్స్‌నర్ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన లేతరంగు బార్లీ), కొద్దిగా హాలర్‌టావ్ అనే రకం హాప్స్, ఐబీయూ అనే చేదు కొలతలో 20కి అటూఇటూ, అంతే. కాబట్టి గడ్డకట్టేంత చల్లగా తాగి బాగుందనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. ఆ చలికి నాలుక మొద్దుబారుతుంది, వాసనలూ పైకి లేవవు.

మా బావమరిదికి తన నాలుక మీద మహా నమ్మకం. అతని కోసమే ఒకసారి ఒకే వర్ట్‌ని (ఇంకా పులియని తియ్యటి మాల్ట్ రసం) రెండు ఫెర్మెంటర్లలో, అంటే పులియబెట్టే పాత్రల్లో పోశాను. రెండింట్లోనూ అదే 34/70 అనే రకం లాగర్ ఈస్ట్ (పులియబెట్టే సూక్ష్మజీవి), రెండూ 10 డిగ్రీల దగ్గరే. పులియడం ముగింపుకొచ్చాక ఒకదాన్ని 16 డిగ్రీలకు పెంచి కొన్నాళ్లు అలాగే ఉంచాను. రెండోదాన్ని నేరుగా చల్లబరిచేశాను. చల్లగా పోసిస్తే రెండూ ఒకటే అన్నాడు. పైగా నేరుగా చల్లబరిచిందే కాస్త శుభ్రంగా ఉందని తీర్పు కూడా ఇచ్చాడు.

అప్పుడు రెండింటినీ కొంచెం కొంచెం గాజు గ్లాసుల్లో తీసి, ఫాయిల్‌తో మూతి బిగించి, 65 డిగ్రీల వేడినీళ్ల గిన్నెలో ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాను. చల్లారాక ఫాయిల్ ఎత్తి మొదటిది వాసన చూశాడు, ఏమీ లేదు. రెండోదాని ఫాయిల్ ఎత్తగానే మొహం వెనక్కి తీసుకుని "ఇది ఇంటర్వెల్లో సినిమా హాలు బావా" అన్నాడు. వెన్న రాసిన పాప్‌కార్న్, అచ్చంగా అదే.

దాని పేరు డయాసిటైల్. ఈస్ట్ వదిలే ఒక పదార్థానికి మొదట్లో వాసనే ఉండదు, నెమ్మదిగా డయాసిటైల్‌గా మారుతుంది. వేడి చేస్తే వారాల్లో జరిగేది నిమిషాల్లో జరిగిపోతుంది. అంటే ఈరోజు బాగున్న సీసా వచ్చే నెల వెన్న కంపు కొడుతుందో లేదో ఈరోజే తెలిసిపోతుందన్నమాట. చివర్లో వెచ్చబెడితే ఈస్టే దాన్ని తిరిగి తినేస్తుంది. మావాడు అప్పటికీ ఒప్పుకోకుండా వేడి చేయడం వల్లే వచ్చిందన్నాడు. సరేనని మామూలు బీర్‌తోనే ట్రయాంగిల్ టెస్ట్ పెట్టాను: మూడు గ్లాసులు, రెండింట్లో ఒకటే బీర్, మూడోది వేరు, ఆ వేరుదాన్ని పట్టుకోవాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి మళ్లీ మళ్లీ పోసివ్వాలి. చల్లగా ఉన్నంతసేపు తడబడ్డాడు. గది వేడికి వచ్చాక ఒక్కటీ తప్పలేదు. లాగర్‌ని వెచ్చగా, కళ్లు మూసుకుని రుచి చూడాలని నేను అప్పటినుంచీ వాదిస్తూనే ఉన్నాను.

ఇక బీర్‌లో ఏమేం వేయొచ్చో చెప్పిన 1516 నాటి బవేరియా (జర్మనీ) స్వచ్ఛత చట్టాన్ని లేబుల్ మీద రాసుకునేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అందులో ఉన్నవి బార్లీ, హాప్స్, నీళ్లు. ఈస్ట్ ఊసే లేదు. నన్నడిగితే అంతకంటే పనికొచ్చేది 1553 నాటి ఉత్తర్వు: ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 దాకా అక్కడ బీర్ కాయకూడదు. ఎండాకాలం బీర్ చెడుతుందని వాళ్లకు అప్పుడే తెలుసు. ఇప్పటివాళ్లు స్టీలు ఫెర్మెంటర్ కొంటారు, నీళ్లలో లవణాలు తూచి వేస్తారు, థర్మామీటర్ మాత్రం గదిలో గోడకు తగిలిస్తారు. పులుస్తున్న బీర్ చుట్టూ ఉన్న గాలి కంటే వేడిగా ఉంటుందయ్యా, కొలవాల్సింది దాన్ని!

ఫొటోల పిచ్చి ఇంకొకటి. బీజేసీపీ (బీర్ న్యాయనిర్ణేతల సంస్థ) పద్ధతిలో జరిగే పోటీల్లో ఒక బీర్‌కి మొత్తం 50 మార్కులైతే, అందులో రూపానికి 3, వాసనకు 12, రుచికి 20. అందరూ పెట్టేది మాత్రం ఆ 3 మార్కుల ఫొటోనే.

మీ మొక్కజొన్న వాసన డీఎంఎస్ (డైమిథైల్ సల్ఫైడ్) అనే పదార్థానిది అయ్యుంటుంది. పిల్స్‌నర్ మాల్ట్‌లో ఉన్న పదార్థం వేడికి డీఎంఎస్‌గా మారి ఆవిరితో పోతుంది. మూత ఉంటే ఆ ఆవిరే చుక్కలై మళ్లీ గిన్నెలో పడుతుంది. అందుకే వర్ట్‌ని 90 నిమిషాలు మూత లేకుండా తెర్లనిచ్చి, వెంటనే చల్లార్చాలి. ఇప్పుడు ఈ బ్యాచ్‌ని ఎన్ని వారాలు చల్లగా నిలవబెట్టినా అది పోతుందని ఆశ పెట్టుకోకండి. ఇంతకీ మరిగించేటప్పుడు మూత పెట్టారా? సగం మూసినా సరే, కామెంట్లో చెప్పండి.