నది తేటపడింది, మరి తాగవచ్చా?

ప్రశ్న: మా ఊరికి ఎగువన గని వ్యర్థాల కట్ట తెగి బురదంతా నదిలో కలిసింది. కొన్ని నెలలకు నీళ్లు తేరుకున్నాయి. ఒకసారి పరీక్షించి ‘లోహాలు గుర్తించలేదు’ అని నివేదిక ఇచ్చారు. మరిగించి తాగవచ్చా? ఇంట్లో ఎనిమిది నెలల పాప ఉంది. అందరం రక్తపరీక్షలు చేయించుకోవాలా? – ఒక పాఠకురాలు

జవాబు: ముందు పాప సంగతి. ఆమె పాలపొడి కలపడానికి, ఆహారం వండడానికి ఈ నీళ్లు వాడకండి. సీసం పెద్దవాళ్ల కంటే పసిపిల్లల ఒంట్లోకి ఎక్కువగా చేరుతుంది, ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. మరిగిస్తే క్రిములు చస్తాయి తప్ప లోహాలు పోవు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ వాటి గాఢత పెరుగుతుంది కూడా. తేటదనాన్నీ నమ్మవద్దు. నీటిలో కరిగిన విషపదార్థమైన ఆర్సెనిక్‌కు రంగు, రుచి, వాసన ఏవీ ఉండవు.

ఇప్పుడు ఆ నివేదికను మళ్లీ తీసి చూడండి. ‘గుర్తించలేదు’ అన్నచోట గుర్తింపు పరిమితి, అంటే ఆ పరీక్ష పట్టగల కనీస మోతాదు, ఎంత రాశారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం లీటరు తాగునీటిలో ఆర్సెనిక్ అయినా సీసం అయినా 10 మైక్రోగ్రాములు, కాడ్మియం 3 మైక్రోగ్రాములు మించకూడదు. పరీక్ష 50 మైక్రోగ్రాముల లోపు ఉన్నదాన్ని పట్టలేనిదైతే, 40 మైక్రోగ్రాముల సీసం ఉన్నా కాగితం మీద ‘గుర్తించలేదు’ అనే వస్తుంది. నమూనాను వడకట్టి పరీక్షించారా అన్నదీ అడగండి. వడకడితే కరిగిన లోహమే లెక్కకు వస్తుంది, నలకలకు అంటుకున్నది వడపోతలోనే ఆగిపోతుంది. వడకట్టని నీటిలోని మొత్తం లోహాల లెక్క మీకు కావాలి. ఏ లోహాలు చూడాలన్నది గనిని బట్టి ఉంటుంది. 2000లో రుమేనియాలోని బయా మారేలో బంగారు గని కట్ట తెగినప్పుడు నదిలో చేపలను చంపింది సయనైడ్. లోహాల పరీక్ష ఒక్కటే చేస్తే అది కనిపించదు.

నమూనా ఏ రోజు తీశారన్నది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. బురద ఎక్కడికీ పోలేదు, నది అడుగున పేరుకుని ఉంది. పెద్ద వాన పడి వరద వస్తే మళ్లీ పైకి లేస్తుంది. 2015 నవంబరులో బ్రెజిల్‌లోని మరియానా దగ్గర కట్ట కూలినప్పుడు బురద ‘డోసే’ అనే నది వెంట అట్లాంటిక్ దాకా వెళ్లింది. తర్వాతి వానాకాలాల్లోనూ ఆ నీరు మళ్లీ మళ్లీ మురికయింది. ఎండాకాలంలో తీసిన ఒక్క సీసా నీటితో నది బాగుందని తేల్చడం అన్యాయం. కట్టకు ఎగువన, దిగువన, వానకు ముందు, తర్వాత తీసిన నీటి ఫలితాలు, అడుగు మట్టి ఫలితాలు రాతపూర్వకంగా అడగండి. అది మీ హక్కు, మొహమాటపడకండి. అవి వచ్చేదాకా వేరే వనరు నీళ్లే తాగండి. ఒడ్డున ఎండిన బురదలో పిల్లలను ఆడనివ్వకండి. ఆ దుమ్ము చేతుల మీదుగా నోట్లోకి పోతుంది.

రక్తపరీక్షలు అందరికీ అక్కర్లేదు. ఇంతవరకు ఆ నీళ్లు వాడి ఉంటే పాపకు, గర్భిణులు ఎవరైనా ఉంటే వారికి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. ఆర్సెనిక్‌కు మూత్ర పరీక్ష మేలు. దానికి ముందు మూడు నాలుగు రోజులు చేపలు, రొయ్యలు తినకూడదు, తింటే ఫలితం తప్పుదోవ పట్టిస్తుంది. వెంట్రుకల పరీక్షలకు డబ్బు పోయకండి. లోహాలను కడిగేస్తామంటూ అమ్మే మందుల జోలికి అసలు వెళ్లకండి. పరీక్షలో విషం మోతాదు రుజువయ్యాక, ఆసుపత్రి పర్యవేక్షణలోనే వాడాల్సిన చికిత్స అది.